ఊపిరి బిగబట్టకండి

ముక్కు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, మూడు మునకలు. గోదావరి రేవులోనో ఊరి చెరువులోనో మనలో చాలామందికి నీళ్లతో మొదటి పరిచయం ఇలాగే జరుగుతుంది. తల నీళ్లలో ముంచితే ఊపిరి ఆపాలన్నది ఒకరు నేర్పక్కర్లేదు, ఒంటికే తెలుసు. స్కూబా డైవింగ్‌కు వెళ్తే ఒడ్డు మీదే నేర్పే మొదటి నియమం దీనికి పూర్తిగా వ్యతిరేకం. నీటి కింద ఉన్నంతసేపూ ఊపిరి ఒక్క క్షణం కూడా బిగబట్టకూడదు. మొదటిసారి దిగేవాళ్ల భయం, ఆనందం, ప్రమాదం అన్నీ చాలావరకు ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి. అందుకే దాన్ని కాస్త నిదానంగా అర్థం చేసుకుందాం.

మనవాళ్లలో చాలామంది తొలి డైవ్ కోసం వెళ్లేది అండమాన్‌కు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరాల కిందటే వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్న చోటు కాబట్టి పోర్ట్‌బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీవిజయపురంలో, తెలుగు మాట వినిపిస్తూనే ఉంటుంది. అక్కణ్ణుంచి పడవెక్కి స్వరాజ్ ద్వీప్‌కు వెళ్తారు. 2018 దాకా దాని పేరు హేవ్‌లాక్. ఇంత పొడవైన తీరం మనకే ఉండగా అంతదూరం ఎందుకంటే, పగడపు దిబ్బలు కట్టే జీవులకు వెచ్చని ఉప్పునీరు కావాలి, ఎండ అడుగుదాకా దిగేంత తేటగా ఆ నీరు ఉండాలి. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు మన పొలాలకు వరమే గానీ పగడాలకు కాదు.

ఇక ఊపిరి సంగతి. నీళ్లలో ప్రతి 10 మీటర్ల లోతుకూ, నేల మీద మనం మోస్తున్న గాలి పీడనమంత పీడనం అదనంగా చేరుతుంది. 10 మీటర్ల దగ్గర పీడనం రెండింతలు. పీడనం రెండింతలైతే అదే గాలి సగం చోటులో సర్దుకుంటుంది. రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించిన సూత్రం ఇదే, మనం బడిలో చదువుకున్నదే. చెరువులో మునిగేవాడు పైన పీల్చిన గాలితో కిందికి వెళ్తాడు. ఆ గాలి లోతులో నలుగుతుంది, పైకొచ్చేసరికి మళ్లీ మొదటి పరిమాణానికే వస్తుంది. అందుకే అక్కడ ఊపిరి బిగబట్టినా ముప్పు లేదు. డైవర్ కథ వేరు. అతను గాలి పీల్చేదే లోతులో. 10 మీటర్ల దగ్గర ఊపిరితిత్తుల నిండా పీల్చి, నోరు మూసుకుని పైకి వచ్చేశాడంటే, ఆ గాలి ఉపరితలానికి చేరేలోపు రెట్టింపు కావాలని చూస్తుంది. చోటు లేకపోతే ఊపిరితిత్తుల పొరలు చిరుగుతాయి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. లోతు తక్కువైతే ప్రమాదం కూడా తక్కువే అనుకుంటారు. కానీ 30 మీటర్ల నుంచి 20కి వచ్చినప్పుడు గాలి మూడో వంతు పెరిగితే, 10 నుంచి పైకి వచ్చినప్పుడు రెట్టింపవుతుంది. అంటే గాలి ఎక్కువగా ఉబ్బేది చివరి కొద్ది మీటర్లలోనే. మొదటిసారి వచ్చినవాళ్లను తీసుకెళ్లే లోతుకు పరిమితి మామూలుగా 12 మీటర్లు. ఊపిరి బిగబట్టకూడదన్న నియమం బాగా అవసరమైన లోతు కూడా సరిగ్గా అదే.

డైవర్ వీపున ఉన్నది ఆక్సిజన్ సిలిండర్ అని అందరూ అనేస్తారు. అందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే, శుభ్రం చేసి కుదించి నింపుతారు. స్వచ్ఛమైన ఆక్సిజన్ అయితే ఆరేడు మీటర్లు దాటాక విషమవుతుంది. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ల దగ్గర సుమారు 2,400 లీటర్ల గాలి పడుతుంది. అంత ఒత్తిడితో ఉన్న గాలిని, చుట్టూ ఉన్న నీటి పీడనానికి సరిపడా తగ్గించి, మనం పీల్చినప్పుడు మాత్రమే నోటికి అందించేది రెగ్యులేటర్. ఫ్రాన్స్‌లో 1943లో జాక్ కూస్టో, ఎమీల్ గాన్యాన్ తయారుచేసిన ఆక్వాలంగ్‌తోనే ఈ విద్య మామూలు మనుషుల దాకా వచ్చింది.

నడుం లోతు నీళ్లలో మోకాళ్ల మీద కూచుని నేను మొదటిసారి ముఖం ముంచినప్పుడు, నోట్లో రెగ్యులేటర్ ఉన్నా ఊపిరి ఆగిపోయింది. ముక్కు మాస్క్‌లో ఉంది, నోటితోనే పీల్చాలి. మెదడుకు తెలుసు, ఛాతీ వినదు. అప్పుడు ఇన్‌స్ట్రక్టర్ నా కళ్లలోకి చూస్తూ అరచేతిని మెల్లగా ముందుకు జరిపాడు, బయటికి వదలమన్నట్టు. పీల్చడం గురించి ఆలోచించకుండా వదలడం మీద మనసు పెట్టాక దారి దొరికింది. బుడగలు గుడగుడమంటూ చెవుల పక్కనుంచి పైకి పోయాయి. వదిలితే తర్వాతి ఊపిరి దానంతటదే వస్తుంది. కంగారులో అందరూ చేసే తప్పు పైపైన గబగబా పీల్చడం. దాంతో గాలి చాలట్లేదనిపించి, భయం ఇంకా పెరుగుతుంది.

ముక్కు పట్టుకోవడం మళ్లీ అక్కరకొచ్చేది చెవుల కోసం. రెండు మూడు మీటర్లకే చెవిలో బరువు తెలుస్తుంది. ముక్కు మూసి, నోరు మూసి మెత్తగా ఊదితే గొంతు వెనక నుంచి చెవికి వెళ్లే సన్నని గొట్టం తెరుచుకుని లోపలి గాలి బయటి పీడనంతో సమమవుతుంది. విమానం దిగేటప్పుడు చేసేదే. నొప్పి వచ్చాక కాదు, రాకముందే చేయాలి, ప్రతి మీటరుకూ చేయాలి. నొప్పి వస్తే కొంచెం పైకి రావాలే తప్ప గట్టిగా ఊదకూడదు. జలుబు ఉన్న రోజు దిగొద్దనేది ఇందుకే. చేతి సైగలూ ముందే నేర్చుకోవాలి. బొటనవేలు పైకెత్తడం మనకు ‘బాగుంది’. అక్కడ దాని అర్థం ‘పైకి వెళ్దాం’. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

ఈ తొలి డైవ్‌కు ఈత రావాలన్న నిబంధన ఉండదు, ఇన్‌స్ట్రక్టర్ సిలిండర్ పట్టుకుని నడిపిస్తాడు. అయినా నీళ్లంటే బొత్తిగా అలవాటు లేనివాళ్లు ముందు ఒక కొలనులో నాలుగు రోజులు గడపడం మంచిదని నా అభిప్రాయం. ఆరోగ్యం గురించి ఇచ్చే కాగితాన్ని సంతకం చేసి పడేయకండి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నా, చెవి ఆపరేషన్ జరిగినా డాక్టరును అడగాలి, గర్భిణులు దిగకూడదు. ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమందిని అప్పగిస్తున్నారో అడగండి, మీ ఒక్కరికే ఒక ఇన్‌స్ట్రక్టర్‌ను ఇస్తామంటే అక్కడికే వెళ్లండి. ఫొటోల కోసం మధ్యలో ఆపి రెగ్యులేటర్ తీయమంటే మాత్రం ఒప్పుకోవద్దు.

కింద మొదట మారేది రంగు. సూర్యకాంతిలో ఎరుపును నీరు తొందరగా మింగేస్తుంది. గుళ్లో మణికట్టుకు కట్టించుకున్న నా ఎర్రదారం పది మీటర్ల దగ్గర బురదరంగులో కనిపించింది. వస్తువులు మూడో వంతు పెద్దగా, ఉన్నదానికంటే దగ్గరగా కనిపిస్తాయి, కాబట్టి అందుతుందనుకున్నది అందదు. అందుకోకపోవడమే మేలు కూడా. నిండా పీలిస్తే శరీరం కాస్త పైకి తేలుతుంది, వదిలితే కిందికి దిగుతుంది. కంగారుగా ఊపిరి తీసేవాడు ఆ ఎగుడుదిగుళ్లలో కాళ్ల రెక్కలు కొట్టుకుని పగడాన్ని విరిచేస్తాడు. కొమ్మల పగడం ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు పెరుగుతుంది. బండల్లా ఉండే రకం ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప.

పగడమంటే మనకు మంగళసూత్రంలో ముత్యాల పక్కన ఉండే ఎర్రపూస, కుజదోషానికి పెట్టుకునే ఉంగరం. ఆ ఎర్రపగడం మధ్యధరా సముద్రంలో దొరికే వేరే జాతి, అది దిబ్బలు కట్టదు. దిబ్బలు కట్టేవి గట్టి సున్నపు ఇల్లు అల్లుకునే చిన్న జంతువులు. వాటి ఒంట్లో కాపురముండే కంటికి కనిపించని నాచు ఎండతో వండిపెట్టే ఆహారమే వాటికి ప్రధాన ఆధారం, రంగు కూడా చాలావరకు ఆ నాచుదే. సముద్రం మామూలు కంటే ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే ఈ కాపురం చెడుతుంది, నాచు వెళ్లిపోయి పగడం తెల్లబారుతుంది. అండమాన్‌లో 2010లో అలా తెల్లబారిన దిబ్బలెన్నో చచ్చిపోయాయి, 2016లో మళ్లీ దెబ్బ తగిలింది. ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబారడం నాలుగోసారి మొదలైందని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. కాబట్టి మొదటిసారి దిగినవారికి ఇటుక రంగు, పసుపు, ఊదా పగడాల పక్కనే నాచు పట్టిన బూడిదరంగు మోళ్లు కూడా కనిపిస్తాయి. వాటినీ చూడండి. ఆ మోళ్లను తన ముక్కులాంటి పళ్లతో కరకరా గీకుతూ చిలక చేప తిరుగుతుంటుంది. ఆ చప్పుడు నీళ్లలో స్పష్టంగా వినిపిస్తుంది. మింగిన సున్నాన్ని అది ఇసుకగా వదులుతుంది. పగడపు దీవుల తెల్లని తీరాల్లో కొంత ఇసుక ఇలా తయారైందే.

డైవ్ అయ్యాక వెంటనే విమానం ఎక్కకూడదు. పీడనంలో పీల్చిన నైట్రోజన్ రక్తంలో కరిగి ఉంటుంది. గోలీ సోడా కొట్టగానే గ్యాసు బుడగలు పొంగినట్టు, ఎత్తులో పీడనం తగ్గితే అది ఒంట్లో బుడగలు కట్టవచ్చు. 18 గంటలు ఆగితే నిశ్చింత. కనుక డైవ్‌ను ప్రయాణం చివరి రోజుకు పెట్టుకోకండి.

ఆ సాయంత్రం తీరాన నడుస్తుంటే అలలు తెచ్చి పడేసిన పగడపు ముక్క ఒకటి కాలికి తగిలింది. చిటికెన వేలంత, ఎముకలా తెల్లగా ఉంది. కళ్లకు దగ్గరగా పెట్టుకుంటే ఒంటినిండా ఆవగింజంత గుంటలు, ఒక్కో గుంటలో నడిమికి సాగిన సన్నని గోడలు. ఒక్కో గుంట ఒక్కో జీవి ఇల్లు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకు రక్షణ ఉంది, చచ్చిన ముక్కలకైనా సరే. విమానాశ్రయంలో సంచులు వెతికి తీయించేస్తారు. పక్కనున్న ఒక పాప ఆ ముక్కను ఇంటికి తీసుకెళ్తానంది. ఒక్కో గుంటనూ గోటితో లెక్కపెట్టనిచ్చి, నలభై దాటాక ఇద్దరం కలిసి దాన్ని మళ్లీ అలల్లో వదిలాం.