గాలం చిక్కు ఒడ్డునే మొదలవుతుంది

బారువ, భావనపాడు, కళింగపట్నం, ఆ దిగువన విజయనగరం వైపు ముక్కాం, చింతపల్లి. ఈ తీరంలో వలల వేటే ఎక్కువ. అయినా అడుగున తిరిగే జెల్ల, టేకు, సొర కోసం గాలం వేసేవాళ్లు ఇంకా ఉన్నారు. అడుగు వేటలో ఎర ఎంత మంచిదైనా, తాడు చిక్కుపడితే ఆ పూట పోయినట్టే. చిక్కును అందరూ సముద్రం మీదకు నెట్టేస్తారు. నా మాట వేరు. అందులో చాలా భాగం తాడు కట్టేటప్పుడే తయారై ఉంటుంది.

ముందు కొలతలు చూద్దాం. అడుగు గాలానికి కింద సీసం గుండు, దానిపైన అసలు తాడు, దాని నుంచి పక్కకు వేలాడే చిన్న తాళ్లు, వాటి కొసల్లో ముళ్లు ఉంటాయి. ఒక ముల్లు పక్క ముల్లును అందుకోగలిగితే ఎప్పుడో ఒకప్పుడు అందుకుని తీరుతుంది. కాబట్టి పక్క తాడు మూరెడు ఉంటే, రెండు పక్క తాళ్ల మధ్య దూరం రెండు మూరలు దాటాలి. బారకొకటి కడితే ఇంకా నిశ్చింత. అన్నిటికన్నా కింది ముల్లు గుండును తాకకూడదు. ముళ్లు ఎక్కువైతే చేపలు ఎక్కువ పడతాయన్న ఆశతో దగ్గరదగ్గరగా కట్టేవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

తాడు మెత్తదనం సంగతి కూడా తక్కువది కాదు. 2007లో అమెరికాలో రేమర్, స్మిత్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక పెట్టెలో దారం వేసి గిరగిరా తిప్పి చూశారు. మూడు వేలకు పైగా ప్రయోగాల్లో తేలింది ఇదీ: దారం పొడవు పెరిగేకొద్దీ ముడులు పెరిగాయి, బిరుసు దారంలో తగ్గాయి. వాళ్లు వాడిన దారంలో 46 సెంటీమీటర్ల లోపు ముక్కలకు ముడే పడలేదు. అది దాదాపు మన మూరెడు! వాళ్ల పెట్టె వేరు, మన సముద్రం వేరనుకోండి. కానీ పక్క తాడు పొట్టిగా, అసలు తాడుకన్నా కాస్త బిరుసైన తంగూసుతో ఉండాలనడానికి ఇది మంచి ఆధారం.

ఇక మెలి. చుట్టలో నుంచి తంగూసును పక్కనుంచి ఊడలాగితే చుట్టుకో మెలి చొప్పున తాడులో చేరుతుంది. చుట్ట మధ్యలో కర్ర దూర్చి, అది దొర్లుతుండగా తీసుకోవాలి. ఆ తర్వాత ఒక కొస గుంజకు కట్టి గట్టిగా లాగి ఉంచితే పాత వంకరలు చాలావరకు పోతాయి. గుండుకు పైన ఒక స్వివెల్, అంటే రెండు కొనలూ విడివిడిగా తిరిగే చిన్న కీలు, పెట్టండి. ఎర వంకరగా గుచ్చినా అది నీళ్లలో బొంగరంలా తిరిగి తాడును మెలిపెడుతుంది. కవళ్ల ముక్కను ముల్లుకు నిటారుగా, మధ్యలోంచి గుచ్చాలి.

దించేటప్పుడు గుండును ఒక్కసారిగా వదిలేయకూడదు. వేగంగా దిగితే నీరు పక్క తాళ్లను పైకి నెట్టి, అసలు తాడుకు చుట్టేస్తుంది. చేతిలో బిగువు ఉంచుకుని కొద్దికొద్దిగా వదలాలి. అడుగు తగిలాక వదులు ఉంచకుండా తాడు బిగించాలి.

ఒకే పడవలో ఇద్దరు ముగ్గురు వేస్తే ప్రవాహం కూడా లెక్కలోకి వస్తుంది. మన తీరం వెంట నీరు సాధారణంగా ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి పారుతుంది. ప్రవాహం వచ్చే కొసన కూర్చున్న మనిషి తేలిక గుండు వేస్తే అతని తాడు వాలిపోయి పక్కవాడి తాడు కిందికి చేరుతుంది. అతను బరువు గుండు, అవతలి కొసవాడు తేలిక గుండు వేస్తే తాళ్లు విడిపోతాయి. అందరూ సమాన బరువు వేసినా ఫరవాలేదు. ఒకరికి పెద్ద టేకు పడిందంటే మిగతావాళ్లు తమ తాళ్లు పైకి లాగేయడమే మంచిది.

చాలా ముళ్లున్న పొడవు తాడుకైతే బుట్ట కావాలి. ముళ్లను వరసగా బుట్ట అంచుకు గుచ్చి, తాడును లోపల చుట్టలుగా పేర్చాలి. చివరి చుట్ట ముందు బయటికి వెళ్తుంది, ఆ వరస తప్పకూడదు.

ఎంత జాగ్రత్తపడ్డా కొన్ని చిక్కులు విడవవు, కోసి పారేయక తప్పదు. ఆ ముక్కలను నీళ్లలో మాత్రం వేయకండి. తంగూసు కుళ్లదు. చలికాలం చివర గుడ్లు పెట్టడానికి మన ఇసుకతీరాలకే వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల కాళ్లకు అది చుట్టుకుంటుంది. కోసిన ముక్కలన్నీ ఒక సంచిలో వేసుకుని ఒడ్డుకు తెండి.