కొత్తపేట 'త'కు ఒత్తు పెడుతున్నదెవరు?

ఫోన్లో కొత్తపేట అని కొడితే కంటికి 4 అక్షరాలు. యూనికోడ్ లెక్కలో 8: క, ఒత్వం, త, పొల్లు, మళ్ళీ త, ప, ఏత్వం, ట. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 24. నడిమి మూడింటినీ చూసి, రెండో 'త'ను ఒత్తు చేసి మొదటిదాని కింద సర్దాలంటే ఫాంటు ఒక్కటే చాలదు, షేపింగ్ లైబ్రరీ కావాలి. అది లేకపోతే ఊరి పేరు కాస్తా 'కొత్‌తపేట' అయి కూర్చుంటుంది.

విండోస్‌లో యూనిస్క్రైబ్, ఐఫోన్‌లో కోర్‌టెక్స్ట్ ఈ పని చేస్తాయి. రెండూ కంపెనీల సొంతం. ఇదే పని చేసే హార్ఫ్‌బజ్ లైబ్రరీ మాత్రం అందరిదీ. డెవలపర్ విడిగా కట్టాల్సింది మూడింటికీ 0 రూపాయలే. కాబట్టి తేడా డబ్బులో లేదు.

2018 ఫిబ్రవరిలో ఆ తేడా బయటపడింది. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని విడదీత కోడ్ ఒకటి, దీర్ఘం: ఈ 5 కోడ్‌లు వరసగా మెసేజ్‌లో వస్తే చాలు, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్‌లో ఆ యాప్ టపీమని మూతపడేది. తెరిస్తే మళ్ళీ అదే. మన 'జ్ఞా' ప్రపంచ వార్తల్లోకెక్కింది అలాగే! వాట్సాప్, జీమెయిల్ కూడా పడిపోయాయి, వాటి కోడ్‌లో తప్పు లేకపోయినా. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 ఇచ్చేదాకా అసలు తప్పును బయటివాళ్ళెవరూ ముట్టుకోలేకపోయారు.

హార్ఫ్‌బజ్‌లో తప్పులు రావా? వస్తాయి. కానీ కోడ్ తెరిచే ఉంటుంది. వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కాపీరైట్ నోటీసు తీసేయకూడదంతే. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ దీన్నే వాడతాయి. 2017లో లిబ్రెఆఫీస్ 5.3 కూడా విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ దీన్నే పెట్టుకుంది.

అమలాపురం కుర్రాళ్ళు ఇద్దరు అంబాజీపేట కొబ్బరి ధరల యాప్ కడుతున్నారనుకోండి. ఒత్తు పక్కకు జారితే కోడ్ దించుకుని, దిద్ది, ఆ లైబ్రరీని తమ యాప్‌తోనే కలిపి పంపుకోవచ్చు. సీ ప్లస్ ప్లస్ వచ్చి ఉండాలనుకోండి, అది వేరే సంగతి.

అది రానివాళ్ళకీ పని ఉంది. ఒత్తు తప్పుగా పడితే స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో నవ్వుకుని వదిలేయకండి. ఫాంటు పేరు, కోడ్‌ల వరస జతచేసి హార్ఫ్‌బజ్ గిట్‌హబ్‌లో పెట్టండి. తప్పు ఫాంటుదో లైబ్రరీదో అక్కడ తేలుస్తారు.