వాన నీటితో బతికే దీవి

భూమి, ఆకాశాల్లోని వస్తువులన్నీ మానవుడి ప్రయోజనానికే సృష్టించబడ్డాయని విశ్వాసులు నమ్ముతారు. అయితే ప్రయోజనం పొందడం వేరు, దుబారా చేయడం వేరు. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడ ఉందో ఉపన్యాసాల్లో వింటూనే ఉంటాం. ఆ గీతను దాటకుండా రోజూ ఎలా బతకవచ్చో తెలియాలంటే తూర్పు ఆఫ్రికా తీరంలోని ఒక చిన్న దీవి సంగతి తెలుసుకోవాలి. దాని పేరు చుంబే.

టాంజానియాలో భాగమైన జాంజిబార్ ముస్లిములు అత్యధికంగా నివసించే ప్రాంతం. అక్కడి స్టోన్ టౌన్ నుంచి సుమారు 12 కిలోమీటర్లు సముద్రం మీద ప్రయాణిస్తే చుంబే వస్తుంది. దీవి విస్తీర్ణం సుమారు 55 ఎకరాలు మాత్రమే. ఓడలకు దారి చూపేందుకు 1904లో కట్టిన దీపస్తంభం ఒకటి, దాని కావలివారి కోసం మన దేశపు కట్టడాల శైలిలో నిర్మించిన చిన్న మస్జిదు ఒకటి అక్కడ ఉన్నాయి. మిగతాదంతా పగడపు రాతి మీద పెరిగిన అడవి. బావి లేదు, చెలమ లేదు. చుట్టూ ఉన్నది ఉప్పునీరే.

ఇంటి కప్పే చెరువు

ఇలాంటి చోట అతిథులకు విడిది ఏర్పాటు చేయాలంటే ఎవరైనా పట్నం నుంచి పైపులు వేయాలని, పడవల్లో నీళ్లు తేవాలని ఆలోచిస్తారు. చుంబేలో అలా చేయలేదు. అక్కడ ఉన్నవి ఏడు కుటీరాలు. ప్రతి కుటీరానికీ కొబ్బరి ఆకులతో నేసిన పెద్ద కప్పు. వానాకాలంలో దాని మీద పడిన నీరు వడకట్టబడి, నేల కింద కట్టిన తొట్టిలోకి చేరుతుంది. అతిథి స్నానం చేయాలన్నా ఆ నీరే దిక్కు. దాన్ని చేతిపంపుతో పైకి ఎక్కించాలి. వేడినీళ్లు కావాలంటే ఎండే కాచి ఇస్తుంది. వాడిన నీరు సముద్రంలో కలవకుండా మొక్కల మడిలోకి వెళుతుంది. మరుగుదొడ్లలో నీళ్లు పోసే పని లేదు. వ్యర్థం ఎరువుగా మారే ఏర్పాటు ఉంది. దీపాలు సౌరశక్తితో వెలుగుతాయి.

రాత్రి వేళ దారుల్లో మాత్రం దీపాలు ఉండవు. నడవాలంటే టార్చిలైటు పట్టుకోవాల్సిందే. కొబ్బరి పీతల వంటి జీవులు చీకటి పడ్డాకే బయటికి వస్తాయి మరి! నేల మీద తిరిగే పీతజాతిలో వీటిని మించినవి లేవు. చాలా చోట్ల మనుషులు వీటిని పట్టి తినడం వల్ల అరుదైపోయాయి. చుంబేలో నిర్భయంగా తిరుగుతాయి.

జాలర్లే కావలివారు

ఈ ప్రయత్నానికి పూనుకున్నది సిబిల్లె రీడ్‌మిల్లర్ అనే జర్మన్ మహిళ. దీవి పడమటి వైపున్న పగడపు దిబ్బను కాపాడాలన్నదే ఆమె అసలు ఉద్దేశం. 1991లో పని మొదలైంది. 1994లో జాంజిబార్ ప్రభుత్వం ఆ దిబ్బను రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. కుటీరాల్లోకి అతిథులు రావడం 1998లో ప్రారంభమైంది. అతిథులు చెల్లించే సొమ్ముతోనే కావలి, పరిశోధన, పిల్లల చదువు నడవాలన్నది ఏర్పాటు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2000 సంవత్సరంలో దీనికి గ్లోబల్ 500 పురస్కారం ఇచ్చింది.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. చేపలు పట్టుకుని బతికే పేదవాడికి వల వేయవద్దని చెబితే అతడి పిల్లలకు అన్నం ఎవరు పెడతారు? ధనవంతుల విహారం కోసం పేదల నోటి కూడు తీస్తే అది ప్రకృతి రక్షణ అనిపించుకోదు, అన్యాయం అనిపించుకుంటుంది.

చుంబే నిర్వాహకులు కావలివారిని తీర గ్రామాల జాలర్ల నుంచే ఎంచుకున్నారు. వారి చేతికి తుపాకీ ఇవ్వలేదు. దిబ్బ దగ్గరికి వల తెచ్చిన పడవను ఆపి, సాటి జాలరితో మాట్లాడి నచ్చజెప్పడమే వారి పని. చేపలు గుడ్లు పెట్టి పెరిగే చోటును వదిలేస్తే, పెరిగిన చేపలు చుట్టుపక్కల నీళ్లలోకి వస్తాయి. అక్కడ వల వేసుకోవచ్చు. ఈ మాట ఆఫీసరు నోట వింటే అనుమానం కలుగుతుంది. తోటి జాలరి చెబితే ఆలోచన కలుగుతుంది.

పిల్లలు చూసిన తోట

జాంజిబార్ ప్రజలు తరతరాలుగా సముద్రం ఒడ్డున బతుకుతున్నా, పగడపు దిబ్బను కళ్లారా చూసిన పిల్లలు తక్కువ. వాడుక భాషలో వాటిని రాళ్లనే పిలిచేవారు. పాఠ్యపుస్తకాల్లో వాటి ఊసు ఉండేది కాదు. చాలామంది పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఈత రాదు. అందుకే చుంబేకు బడిపిల్లలను ఉచితంగా తీసుకెళ్లి, తేలే జాకెట్లు తొడిగి, నీటి కింద ఏముందో చూపించే కార్యక్రమం పెట్టారు. రాళ్లనుకున్నవి ప్రాణమున్న జీవులని, ఆ ఒక్క దిబ్బలోనే 400కు పైగా చేప జాతులు ఉన్నాయని వారికి అక్కడే తెలుస్తుంది. తన ఊరి సముద్రంలో ఏముందో తెలిసిన పిల్ల రేపు తల్లి అయ్యాక దాన్ని పాడుచేయనివ్వదు.

మిసాలీ చెప్పే సంగతి

జాంజిబార్‌లోనే పెంబా దీవి పక్కన మిసాలీ అనే మరో చిన్న దీవి ఉంది. ఆ పేరు ముసల్లా అనే మాట నుంచి వచ్చిందని అక్కడివారు చెప్పుకుంటారు. హజ్రత్ ఖిజ్ర్ (అ) నమాజు చేయడానికి చాప లేకపోతే, మక్కా దిక్కుకు తిరిగి ఉన్న ఈ దీవినే ముసల్లాగా చేసుకున్నారని జానపద కథ. 1990ల ఆరంభంలో అక్కడ హోటలు కట్టాలన్న ప్రతిపాదన వస్తే జాలర్లు వ్యతిరేకించారు. 1998లో దీవినీ దాని చుట్టూ ఉన్న సముద్రాన్నీ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు.

కానీ ప్రకటనతోనే పని జరగలేదు. కొందరు మందుగుండు పేల్చి చేపలు పట్టేవారు. ఒక్క పేలుడుకు చేపలతోపాటు వాటి పిల్లలూ, పగడాలూ నాశనమవుతాయి. బ్రిటన్‌లో ఫజ్లున్ ఖాలిద్ స్థాపించిన ఇస్లామీ పర్యావరణ సంస్థ అక్కడి ధార్మిక పెద్దలతో, జాలర్లతో కలిసి కూర్చుంది. భూమి మనకు అమానతు అని, దాన్ని పాడుచేసే హక్కు మనకు లేదని ఖుర్‌ఆన్ బోధనల వెలుగులో వివరించింది. సర్కారు చట్టం కన్ను కప్పవచ్చుగాని అల్లాహ్ ఆజ్ఞను తప్పించుకోలేమన్న భావం జాలర్ల నుంచే వ్యక్తమైంది.

ఇది కొత్త బోధన కాదు. మక్కా, మదీనా హరమ్‌లలో చెట్టు నరకడం, వేటాడటం ఇస్లాం నిషేధించింది. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసుకునేవారని హదీసులు తెలుపుతున్నాయి. ముద్ద్ అంటే రెండు అరచేతుల దోసిలికి పట్టే కొలత. మన ఇళ్లలో కుళాయి తిప్పి ముఖం కడుక్కునేలోపే అంతకు ఎన్నో రెట్లు పోతుంది.

తీరని సమస్యలు

చుంబేతో అన్నీ తీరిపోయాయని కాదు. అక్కడి బస ఖర్చు సామాన్యుడికి అందదు. అతిథుల్లో చాలామంది విదేశాల నుంచి విమానాల్లో వస్తారు. 2020లో కరోనా వచ్చి పర్యాటకులు ఆగిపోయినప్పుడు ఆదాయానికి దెబ్బ తగిలింది. సముద్రం వేడెక్కి పగడాలు రంగు కోల్పోయే జబ్బు 1998లోనూ, 2016లోనూ ఆ తీరాన్ని తాకింది. ఆ వేడిని ఏ కావలివాడూ పడవ ఆపినట్టు ఆపలేడు. అది లోకమంతటా మనం కాల్చే బొగ్గు, పెట్రోలు తెచ్చిన వేడి. అందులో మన వంతూ ఉంది.

కనుక ఆ దీవిని చూడటానికి విమానం ఎక్కనక్కర్లేదు. అక్కడి పద్ధతిని మన వాడలోకి తెచ్చుకుంటే చాలు. మన మస్జిదు కప్పు మీద పడిన వాన ఎటు పోతోందో ఈ శుక్రవారం ఒకసారి చూడండి. అది మురుగు కాలువలోకి పోతుంటే తొట్టిలోకి మళ్లించవచ్చు. వుజూ నీటిని చెట్ల పాదుల్లోకి వదలవచ్చు. చందాలు పోగుచేసి మినారుకు రంగులు వేయించే కమిటీకి ఒక ఇంకుడు గుంత తవ్వించడం భారం కాదు. పిల్లలకు చెంబులో నీళ్లిచ్చి వుజూ చేయడం నేర్పితే వారు పొదుపునూ నేర్చుకుంటారు, సున్నత్‌నూ నేర్చుకుంటారు.