ఫలకముల లెక్క

కథల పుస్తకము కొనువాడు పుటలు త్రిప్పి నాలుగు వాక్యములు చదివి చూచును. పాత వాస్తుగ్రంథము కొనువాడు చదువుటకు ముందు లెక్కించును. ఫలకముల పట్టికను ఎదుట నుంచుకొని, ఒక్కొక్క చిత్రమును వ్రేలితో తాకుచు సంఖ్య సరిచూచుటయే ఈ బేరమున మొదటి పాఠము. ఒక్క ఫలకము తగ్గినను వెల పడిపోవును. వాస్తువనగానే నేడు గుమ్మము ఏ దిక్కున నుండవలె నను చర్చయే పలువురకు స్ఫురించును గాని, ఇచట చెప్పునది భవన నిర్మాణ విద్యను గూర్చి.

ఈ జాగ్రత్తకు కారణము ముద్రణలోనే యున్నది. రాగిరేకుపై చెక్కిన చిత్రమును అక్షరములతోబాటు ఒకే యంత్రమున అచ్చువేయుటకు వీలులేదు. రేకునకు వేరు యంత్రము, వేరు కాగితము. అట్లు విడిగా సిద్ధమైన ఫలకములను బైండు చేయువాడు గ్రంథమునకు చేర్చి కుట్టును. చేర్చినదానిని విడదీయుటకు పదునైన చాకు ఒకటి చాలును.

విడదీయుటలో లాభము కలదు. థామస్ డేనియల్, విలియం డేనియల్ అను ఆంగ్ల చిత్రకారులు మన దేశమంతయు తిరిగి వ్రాసికొన్న దృశ్యములను 1795 మొదలు 1808 వఱకు లండన్ నగరమున 144 ఫలకములుగా ప్రకటించిరి. ఆ 'ఓరియంటల్ సీనరీ' సంపుటములలో తాజమహలు కలదు, మహాబలిపురము కలదు. అట్టి సంపుటములనేకము విప్పబడి, ఆకు లాకులుగా అద్దములలో బిగింపబడి గోడల కెక్కినవి. విడి చిత్రములమ్మిన వచ్చు మొత్తము నిండు గ్రంథపు వెలకన్న ఎక్కువ కావచ్చును. అందునను ముందే ఒకటి రెండు ఫలకములు పోయిన ప్రతి దొరికినచో దానికి ఆయువు తీరినట్లే. గ్రంథాలయ పుస్తకమునుండి బ్లేడుతో బొమ్మ కత్తిరించి నోటుబుక్కులో అంటించుకొను విద్యార్థి ఈ వర్తకునికి చిన్న తమ్ముడు. వానికి లాభము మాత్రము లేదు.

బొమ్మ పోయిన వాస్తుగ్రంథము గతి యేమగునో రోమను శిల్పి విట్రూవియస్ విషయమున తెలియుచున్నది. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దమున ఆయన పది భాగముల గ్రంథము వ్రాసి, కొన్ని చిత్రములను గూడ చేర్చెను. తరతరములుగా నకళ్లు వ్రాయుటలో మాటలు మిగిలినవి, గీతలు పోయినవి. 1511లో వెనిస్ నగరమున ఫ్రా జొకొండో అను పండితుడు నూటికి పైగా బొమ్మలతో దానిని అచ్చువేయించెను. ఆ బొమ్మలు విట్రూవియస్ గీసినవి కావు. ఆయన మాటలను బట్టి ఈయన ఊహించినవి.

మన శిల్పశాస్త్రములకును ఇట్టి చిక్కే పట్టినది. తంజావూరున పుట్టి, బెంగుళూరున న్యాయాధికారియైన రామరాజు అను విద్వాంసుడు మానసారము మొదలగు గ్రంథముల ప్రతులను సేకరించెను. దొరికినవి చాలవఱకు అసమగ్రములు. పండితులకు సంస్కృతము తెలియును గాని ఉపపీఠ మేది, అధిష్ఠాన మేది, ప్రస్తర మేది యని రాతిపై వ్రేలుపెట్టి చూపలేకపోయిరి. శిల్పులకు రాయి తెలియును, శ్లోకము తెలియదు. అధిష్ఠానపు పట్టెలను ప్రదక్షిణము చేయునపుడు మన చేయి తాకుచునే యుండును. వాని పేర్లు మాత్రము మనకును తెలియవు గదా! రామరాజు తంజావూరి శిల్పి నొకనిని తోడు చేసికొని, అతని వాడుక మాటలను శాస్త్రపదములతో పోల్చుచు అర్థము సాధించెను. అట్లు ఆంగ్లమున వ్రాసిన హిందూ వాస్తువ్యాసమును లండన్‌లోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ 1834లో 48 ఫలకములతో ప్రకటించెను. దానిని కన్నులార చూచుటకు గ్రంథకర్త అప్పటికి జీవించి లేడు.

ఈ గ్రంథమున ఫలకములు అలంకారములు కావు. పండితుడును శిల్పియు కలిసికొన్న చోటు అదియే. అందులో ఒకటి గోడ కెక్కెనేని, ఎంతో శ్రమపడి సాధించిన అర్థము మరల పదమునుండి ఊడిపోవును. గోడమీది గోపురము అందముగనే యుండును. దాని అంగములకు పేర్లు చెప్పు పుటలు మాత్రము వేఱొక యింట నుండును.

పునర్ముద్రణములు వచ్చినవి కావున చదువుటకు మూలప్రతి యక్కరలేదన్నమాట నిజమే. అయినను ఒక్కొక్క ప్రతికి తనదైన చరిత్ర యుండును. ఇనిగో జోన్స్ అను ఆంగ్ల శిల్పి 1613-14లలో ఇటలీ యాత్ర చేసినపుడు పల్లాడియో వాస్తుగ్రంథపు 1601 నాటి ముద్రణము ఆయన చేతనుండెను. కట్టడముల యెదుట నిలిచి, గ్రంథమున నున్నదానికిని కంటి కగపడుదానికిని గల భేదములను అంచులలో వ్రాసికొనెను. ఆ ప్రతి ఆక్స్‌ఫర్డ్‌లోని వూస్టర్ కళాశాలలో భద్రముగా నున్నది. ఒకప్పటి వర్తకులు కొందరు ఇట్టి వ్రాతలను మురికిగా నెంచి పుటలను కడిగించెడివారు! శుభ్రత గూడ ఒక్కొక్కప్పుడు నష్టమే.

ఈ బేరమున అందరును చాకు పట్టినవారు కారు. లండన్‌లో వాస్తుగ్రంథములకే అంగడి నడపిన బెన్ వైన్‌రెబ్ తన నిలువ మొత్తమును 1968లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయమునకు ఒక్కమారుగా అమ్మెను. ఒకచోట కూర్చిన గ్రంథములు చెదరక ఒకచోటికే చేరినవి.

ఫలకముల లెక్క సరిపోయినపుడు అట్టలోపల పెన్సిలుతో రెండు పొడి అక్షరములు వ్రాయుట ఆంగ్ల వర్తకుల ఆచారము. సరిచూడబడినది, లోపము లేదు అని వాని భావము. తరువాత కొనువాడు ఆ వ్రాత చూచి సంతసించును. సంతసించి, మరల మొదటినుండి లెక్కించును.