వృత్తలేఖినితో గీసిన రాష్ట్రం

ఏ దేశపటమైనా తీసి చూడండి. సరిహద్దులు కొన్నిచోట్ల నది వెంట వంకరటింకరగా పోతాయి. కొన్నిచోట్ల స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటాయి. కాని ఒక ఊరి నడుమ వృత్తలేఖిని ముల్లు గుచ్చి, పెన్సిలును గుండ్రంగా తిప్పి గీసిన సరిహద్దును ఎప్పుడైనా చూశారా? అలాంటిది అమెరికా తూర్పు తీరంలో ఒకటి ఉంది. ఆ రాష్ట్రం పేరు డెలవేర్.

అమెరికాలోని 50 రాష్ట్రాలలో రోడ్ ఐలండ్ తరువాత ఇదే అతి చిన్నది. నీటి భాగాలతో కలిపి సుమారు 6,450 చదరపు కిలోమీటర్లు. అంటే 2022లో జిల్లాల విభజనకు ముందున్న మన శ్రీకాకుళం జిల్లాకంటే కాస్త పెద్దది, అంతే. రాష్ట్రం మొత్తానికి ఉన్నవి మూడే జిల్లాలు. వాటిని అక్కడ కౌంటీలంటారు. 2020 లెక్కల ప్రకారం జనాభా 10 లక్షలకు కాస్త తక్కువ. న్యూయార్క్, కాలిఫోర్నియా పేర్లు విన్నంతగా దీని పేరు మనం వినం. కాని పాఠ్యపుస్తకంలో మీరు చదివే జ్యామితి, జీవశాస్త్రం ఇక్కడ నేలమీదనే కనిపిస్తాయి.

పన్నెండు మైళ్ల తగాదా

1682లో ఇంగ్లండు రాజుగారి తమ్ముడు, యార్క్ ప్రభువు జేమ్స్, విలియం పెన్ అనే ఆయనకు భూమి రాసిచ్చాడు. న్యూకాజిల్ అనే ఊరు, దాని చుట్టూ 12 మైళ్ల వృత్తంలో ఉన్న నేల ఆయనకు చెందుతుందని పత్రం సారాంశం. వినడానికి తేలికగానే ఉంది. కాని 12 మైళ్లు అన్నది దేని కొలత? కేంద్రం నుంచి అంచుకా? లేక వృత్తం చుట్టుకొలతా?

పక్కనే ఉన్న మేరీలాండ్ కాల్వర్ట్ వంశంవారిది. వారి పక్షం వారు, "12 మైళ్లు అంటే చుట్టుకొలతే" అని వాదించారు. పెన్ పక్షం వారు, "కాదు, వ్యాసార్థం" అన్నారు. ఈ రెండు మాటలకు తేడా ఎంతో మనమే లెక్క కట్టవచ్చు. వ్యాసార్థం 12 మైళ్లయితే వైశాల్యం సుమారు 452 చదరపు మైళ్లు. చుట్టుకొలత 12 మైళ్లయితే వ్యాసార్థం 2 మైళ్లకు కూడా రాదు, వైశాల్యం సుమారు పదకొండున్నర చదరపు మైళ్లు. అంటే ఒక్క మాట అర్థం మారితే భూమి దాదాపు 40 రెట్లు పెరుగుతుంది, లేదా తరుగుతుంది! లెక్కల్లో "ఏ కొలత?" అని ఉపాధ్యాయులు పదేపదే అడిగేది ఊరికే కాదు. చివరకు 1750లో ఇంగ్లండు న్యాయస్థానం అది వ్యాసార్థమేనని తీర్పు చెప్పింది.

నేలమీద స్పర్శరేఖ

తీర్పు వచ్చింది. గీత గీయడం మాత్రం మిగిలింది. ఉత్తరాన వృత్తచాపం. పడమట, దక్షిణం నుంచి బయలుదేరి ఆ వృత్తాన్ని ఒక్క బిందువు వద్ద తాకే సరళరేఖ. అంటే మీరు పదో తరగతిలో చదివే స్పర్శరేఖే! కాగితంమీద దీన్ని గీయడానికి ఒక నిమిషం చాలు. అడవులు, చిత్తడి నేలలు దాటుకుంటూ 80 మైళ్ల పైచిలుకు పొడవున గీయడం స్థానిక సర్వేయర్ల వల్ల కాలేదు. అప్పుడు 1763లో ఇంగ్లండు నుంచి ఛార్లెస్ మేసన్, జెరిమయా డిక్సన్ అనే ఇద్దరు వచ్చారు. వీరు 1761లో సూర్యబింబం మీదుగా శుక్రగ్రహం దాటడాన్ని ఆఫ్రికా కొసనుంచి పరిశీలించినవారు. పగలు గొలుసులతో నేలను కొలిచారు. రాత్రి నక్షత్రాలను చూసి దిక్కులను సరిచూసుకున్నారు. హద్దు వెంట ఇంగ్లండు నుంచి ఓడలో తెచ్చిన సున్నపురాళ్లను పాతించారు. వాటిలో చాలా రాళ్లు నేటికీ ఉన్నాయి.

ఇంత చేసినా చిన్న చిక్కు మిగిలింది. వృత్తచాపం, ఉత్తరదిక్కుగా పోయే గీత, తూర్పు పడమరలుగా పోయే గీత, ఈ మూడూ ఒకచోట కలవలేదు. మధ్యలో ముక్కోణపు చీలికలా సుమారు 680 ఎకరాలు మిగిలిపోయాయి. అది తమదంటే తమదని పెన్సిల్వేనియా, డెలవేర్ రాష్ట్రాలు చాలాకాలం వాదులాడుకున్నాయి. 1921లో గాని అది డెలవేర్‌దని ఖాయం కాలేదు.

గొడ్డలిని పాతిపెట్టే పండుగ

ఇంత చిన్న రాష్ట్రానికి పెద్ద గౌరవం ఒకటి దక్కింది. 1787 డిసెంబరు 7న అమెరికా రాజ్యాంగాన్ని అందరికంటే ముందు ఆమోదించింది డెలవేరే. అందుకే దాన్ని "మొదటి రాష్ట్రం" అంటారు.

ఇక్కడి జార్జ్‌టౌన్‌లో ఒక వింత ఆచారం ఉంది. రెండేళ్లకు ఒకసారి ఎన్నికలు జరిగిన రెండో రోజున జనం అక్కడ చేరుతారు. పూర్వం ఓట్ల ఫలితం వినడానికి ఆ ఊరికి తిరిగి వచ్చేవారు. ఇప్పుడు అదే పండుగ అయింది. గెలిచినవారు, ఓడినవారు ఒకే గుర్రపు బండిలో ఊరేగుతారు. తరువాత పార్టీల పెద్దలు కలిసి ఒక గొడ్డలిని ఇసుకలో పాతిపెడతారు. పగ ఇక్కడితో సరి అని అర్థం.

నీలి నెత్తురు పీత

డెలవేర్ అఖాతం ఒడ్డున మే, జూన్ నెలలలో, ముఖ్యంగా పౌర్ణమి, అమావాస్యల పోటు వేళ, వేలాది గుర్రపునాడా పీతలు గుడ్లు పెట్టడానికి ఇసుకలోకి వస్తాయి. ప్రపంచంలో ఇవి ఇంత పెద్ద సంఖ్యలో చేరే చోటు మరొకటి లేదు. పేరుకు పీతే గాని, ఇది సాలెపురుగుకు, తేలుకు దగ్గరి చుట్టం. దీని వంశం 40 కోట్ల ఏళ్లకు పైగా భూమిమీద ఉంది. మన ఒడిశా, బెంగాల్ తీరాలలో కూడా దీని బంధువులు రెండు జాతులు ఉన్నాయి.

మన నెత్తురులో ప్రాణవాయువును మోసే పదార్థంలో ఇనుము ఉంటుంది. దీని నెత్తురులో రాగి ఉంటుంది, అందుకే నీలంగా కనిపిస్తుంది. అందులోని కణాలు కొన్ని బాక్టీరియాల విషం సోకగానే గడ్డకడతాయి. ఇంజెక్షన్ మందులు, టీకాలు నిర్దోషంగా ఉన్నాయో లేదో పరీక్షించడానికి ఈ గుణమే దశాబ్దాలుగా ఉపయోగపడుతోంది. నెత్తురు కొంత తీసి పీతలను తిరిగి సముద్రంలో వదులుతారు. కాని వాటిలో కొన్ని చనిపోతాయి.

అంతకంటె పెద్ద దెబ్బ 1990లలో తగిలింది. చేపల ఎరకోసం లక్షలకొద్దీ పీతలను పట్టారు. దాని ఫలితం ఒక పిట్టమీద పడింది. రెడ్ నాట్ అనే ఉల్లంకి జాతి పక్షి దక్షిణ అమెరికా కొసనుంచి ఉత్తర ధ్రువప్రాంతానికి సుమారు 15,000 కిలోమీటర్లు ఎగిరిపోతుంది. దారిలో డెలవేర్ అఖాతం దగ్గర రెండు వారాలు ఆగి, పీతగుడ్లు తిని, తన బరువును దాదాపు రెట్టింపు చేసుకుంటుంది. గుడ్లు తగ్గితే ప్రయాణానికి ఇంధనం లేనట్టే. 1980లలో ఇక్కడ 90,000 వరకు లెక్కకు వచ్చిన ఈ పక్షులు, 2000 తరువాత కొన్నేళ్లలో 20,000 కూడా లేకపోయాయి. 2014లో అమెరికా ప్రభుత్వం దీన్ని ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించింది. పీతల వేటకు పరిమితులు పెట్టారు. సింగపూర్ శాస్త్రజ్ఞులు పీత జన్యువు సాయంతో, నెత్తురు తీయకుండానే ఆ పరీక్షాపదార్థాన్ని తయారుచేసే మార్గం కనిపెట్టారు.

మరో ముప్పు నెమ్మదిగా వస్తోంది. డెలవేర్ సగటు ఎత్తు 20 మీటర్ల లోపే. 50 రాష్ట్రాలలో ఇదే అతి పల్లపు రాష్ట్రం. లూయిస్ అనే ఊరి వద్ద 1919 నుంచి సముద్రమట్టాన్ని కొలుస్తున్నారు. అప్పటినుంచి అది ఒక అడుగుకు పైగా పెరిగింది. సముద్రం వేడెక్కి ఉబ్బడం, మంచు కరగడం, అక్కడి నేల మెల్లగా కుంగడం ఇందుకు కారణాలు. ఇసుక ఒడ్డు తరిగితే పీత గుడ్లు ఎక్కడ పెట్టాలి? పిట్ట ఏం తినాలి?

ఇప్పుడు మీకొక పని. మీ మండలం పటం తీసుకోండి. మీ బడి కేంద్రంగా, పటంలోని స్కేలు ప్రకారం 5 కిలోమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీయండి. తరువాత 5 కిలోమీటర్లు చుట్టుకొలతగా మరో వృత్తం గీయండి. దేనిలో ఎన్ని ఊళ్లు, ఎన్ని చెరువులు పడ్డాయో లెక్కపెట్టండి. ఆ చెరువులకు ఏ కాలంలో ఏ పిట్టలు వస్తాయో, అక్కడ ఏం తింటాయో మీ ఊరి పెద్దలనడిగి రాసి ఉంచండి. వచ్చే ఏడాది మళ్లీ అవే వచ్చాయో లేదో చూడండి.