ముల్లు లేని రాతి మొక్క

ముల్లు లేని కాక్టస్ ఉంటుందా అంటే, ఉంది. మన గ్యాలరీల్లో పాత డబ్బాల్లో పెరిగే నాగజెముడుకి దూరపు చుట్టమే. పేరు ఏరియోకార్పస్ ఫిస్సురేటస్. ఊరు చివావా ఎడారి: టెక్సాస్ పడమటి వైపు, ఉత్తర మెక్సికో. జార్జ్ ఎంగెల్మన్ అనే డాక్టరు 1856లో దీన్ని శాస్త్రంలోకి ఎక్కించాడు.

సున్నపురాళ్ల నడుమ నేలకి అంటుకుని ఉంటుంది. చాలావరకు అరచేయంత కూడా ఉండదు. బూడిదరంగు ముక్కోణపు బిళ్లలు నక్షత్రంలా పేర్చినట్టుంటాయి. వాటి మీద మొసలి తోలులాంటి పగుళ్లు, నడిమధ్య నూగు. ఎండలు ముదిరితే ముడుచుకుని మట్టిలోకి దిగిపోతుంది. కింద ముల్లంగిలాంటి లావుపాటి వేరు, నీళ్లు దాచుకునేది అందులోనే. పక్కనే నిలబడ్డా రాయనే అనుకుంటాం. అక్టోబరు, నవంబరులో గులాబీరంగు పువ్వు పూసిందా, దొరికిపోతుంది. దొంగలకి కూడా!

గింజ మొలిచి పూతకి రావాలంటే ఏళ్లకేళ్లు పడుతుంది. అంత ఓపిక ఎవరికుంది? పెద్ద మొక్కల్నే పెకలించి దేశాలు దాటిస్తున్నారు. ఎడారిలో తవ్విన మొక్కని దేశాల మధ్య అమ్ముకోకూడదని సైటిస్ ఒప్పందం ఉన్నా ఆగలేదు. ఎక్కడైనా అమ్మకానికి కనిపిస్తే పరీక్షగా చూడండి. నర్సరీలో గింజేసి పెంచిందైతే నున్నగా, శుభ్రంగా ఉంటుంది. తవ్వి తెచ్చిందైతే బిళ్లలు అరిగి, వేరు తెగి ఉంటుంది.