గిఫ్ట్ అంటే విషం ఎలా అయింది?

డేనిష్‌లో చాలా మాటల స్పెల్లింగు అచ్చం ఇంగ్లీషులాగే ఉంటుంది. అర్థం మాత్రం ఎక్కడో తేలుతుంది. ఎందుకిలా?

అందరినీ నవ్వించే 'ఫార్ట్'తో మొదలుపెడదాం. డెన్మార్క్ రోడ్ల పక్కన 'ఫార్ట్‌కంట్రోల్' అన్న బోర్డు చూసి ముక్కు మూసుకోనక్కర్లేదు. అక్కడ ఫార్ట్ అంటే వేగం, ఆ బోర్డు స్పీడు తనిఖీ కోసం. ప్రయాణించడం అనే అర్థమున్న పాత క్రియ నుంచి పుట్టిందది. బస్సు చార్జీని ఇంగ్లీషులో అనే 'ఫేర్', వీడ్కోలుకి వాడే 'ఫేర్‌వెల్' దీని చుట్టాలే. ఇంగ్లీషులో అపానవాయువు అనే అర్థమున్న ఫార్ట్‌కి మాత్రం దీనితో ఏ బంధుత్వమూ లేదు, అక్షరాలు కలిశాయంతే. 'బార్న్' కూడా అంతే. డేనిష్‌లో పిల్లవాడు, ఇంగ్లీషులో ధాన్యపు కొట్టం.

గిఫ్ట్ కథ వేరు. రెండు భాషల్లోనూ దాని మూలం 'ఇవ్వడం'. ఇంగ్లీషులో ఇచ్చిన వస్తువు కానుక అయింది. డేనిష్‌లో గిఫ్ట్ అంటే ఒకచోట 'పెళ్లయినవారు', ఇంకోచోట 'విషం'. పెళ్లి సంగతి మనకు చెప్పనక్కర్లేదు, 'ఫలానా ఊరికి పిల్లనిచ్చాం' అనేవాళ్లమే కదా. విషానికి దారి మందుల మీదుగా పడింది. గ్రీకులో 'డోసు'కి అసలు అర్థం ఇవ్వడమే. అలా రోగికిచ్చే మోతాదు కాస్తా ప్రాణం తీసే మోతాదయింది. పురుగుల మందును కూడా మనం మందనే అంటాం మరి.

కొన్ని మాటలు ఇంగ్లీషే అప్పు తెచ్చుకుని మార్చేసింది. 9వ శతాబ్దంలో డేన్లు ఇంగ్లండ్ మీద పడి, చాలామంది అక్కడే కాపురాలు పెట్టారు. డెర్బీ, గ్రిమ్స్‌బీ లాంటి పేర్ల చివరి 'బీ' వాళ్ల భాషలో ఊరు అనే మాటే. 'స్కై' కూడా వాళ్లిచ్చిందే. వాళ్లకది మబ్బు, ఇప్పటి డేనిష్‌లోనూ మబ్బే. ఇంగ్లీషువాళ్లు దాన్ని ఆకాశమంతా పరిచారు.

నన్నడిగితే నవ్వొచ్చే మాటలతో ప్రమాదం లేదు, తేడా వెంటనే తెలిసిపోతుంది. తెలియకుండా ముంచేది 'ఎవెంతుఎల్ట్' లాంటిదే. ఎవరైనా ఆ మాట వాడి వస్తానన్నప్పుడు దాన్ని ఇంగ్లీషు 'ఈవెంచువల్లీ' అనుకుంటే 'చివరికి వస్తాను' అని వినిపిస్తుంది. అన్నది మాత్రం 'బహుశా వస్తాను' అని. సమావేశాల ఎజెండా చివర్లో ఇదే మాట 'ఇతర విషయాలు' అనే అర్థంలో కనిపిస్తుంది.